తాళాలక్క దిద్దులు

పళ్ల డాక్టరమ్మ పొద్దున తెచ్చి కుట్టుమిషనుకు ఆనించి వెళ్లిన బోర్డును తాళాలక్క చూడదలచుకోలేదు. అందుకే భోజనం కాగానే బాల్కనీలో ముక్కాలిపీట వేసుకుని, గదికి వీపు తిప్పి, కాళ్ల మధ్య సబ్బునీళ్ల బేసిన్ పెట్టుకుని, దిద్దులు రుద్దడానికి కూర్చుంది. అయినా వీపుకు కళ్లు మొలిచినట్టు ఆ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ‘అనాథ బాలల సహాయార్థం.’ నీలం రంగులో, గుండ్రంగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. పక్కన చేతులు చాచిన పిల్లవాడి బొమ్మ ఒకటి. ఏ పిల్లవాడు వాడు? ఎవరి పిల్లవాడు? తన దిద్దులకూ వాడికీ ఏమిటి సంబంధం? ఉంటే బాగుండును, పాపం, వాడి చేతిలోనూ ఏదో ఒకటి పెట్టేదే. కానీ లేదు. తన దిద్దులు అమ్మిన డబ్బు పిండిమర వెనక గదికి పోతుంది. జైలు నుంచి బయటికొచ్చి, తీసుకుపోవడానికి ఎవరూ రాని ఆడవాళ్లు నిలదొక్కుకునేదాకా తల దాచుకునే గది అది. ఆ మాట అపార్ట్‌మెంట్ హాల్లో, అసోసియేషన్ వారి సాయంత్రపు అమ్మకంలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రాసిపెట్టడం బాగుండదట. బాగుండదు! ఆకుపచ్చ దిద్దును నీళ్లలో ముంచి, అరచేతిలో పరిచిన గరుకు వాటర్ పేపర్ మీద పెట్టి, కసిగా గుండ్రంగా తిప్పింది. కసి ఎక్కువైతే అంచు అరిగిపోతుందని తెలుసు. తెలిసినా తగ్గించలేదు.

ఆమె దిద్దులు చేసే క్లే అంటే మామూలు మట్టి కాదు. రంగురంగుల బిళ్లలుగా అట్టపెట్టెల్లో వస్తుంది, ప్లాస్టిక్కుకు తమ్ముడు. చేత్తో పిసికితే మైనంలా మెత్తబడుతుంది, ఓవెన్‌లో సన్నటి సెగకు కాలిస్తే గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం దానికి మహా జ్ఞాపకశక్తి, ముట్టుకున్న ప్రతి వేలినీ గుర్తుపెట్టుకుంటుంది. ఎంత సుతారంగా పట్టుకున్నా ఓవెన్‌లోంచి తీసేసరికి దిద్దు వెనక బొటనవేలి గీతలు సుడి తిరిగి ఉంటాయి. అందుకని మొదటి రుద్దుడు గరుకు కాగితంతో, ఆ ముద్ర పోవడానికి. తరువాత కొంచెం సన్నం, ఇంకా సన్నం, చివరికి కాగితమో గుడ్డో తెలియనంత సన్నం, ఆపైన జీన్సు గుడ్డ మీద మెరుగు. వేలిముద్ర పోగొట్టడానికి ఇంత అవస్థ పడుతున్న ఈ వేళ్లే జైల్లో వార్డరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేలిముద్రలు వేయించాయి. కొత్తగా లోపలికొచ్చిన ప్రతి ఆడమనిషి చెయ్యీ తన చేతిలోకే వచ్చేది. ‘వేలు వదులుగా పెట్టు. నువ్వు తిప్పకు, నేను తిప్పుతా.’ ఊపిరి తీసినంత అలవాటుగా వచ్చేది ఆ మాట. కొన్ని చేతులు మంచుముక్కలు, కొన్ని చెమటకు జారిపోయేవి, కొన్ని అంట్లు తోమి తోమి పగిలినవి, కొన్ని సగం ఊడిన గోళ్లరంగువి. ఒకామె చేతికి తడిపిండి అంటుకునే ఉంది, వంట మధ్యలోంచి తీసుకొచ్చారు. పది వేళ్లూ నల్లబడ్డాక అందరూ ఒకేలా నిలబడేవారు, ఆ చేతులు ఎవరివో అన్నట్టు, ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని. ‘ఈ నలుపు ఎప్పుడు పోతుందక్కా?’ అని అడిగేవారు. సబ్బుకు పోదు, దానంతట అది పోవాలి. ఆ సంగతి చెప్పడానికి నోరొచ్చేది కాదు. ‘పోతుందిలే’ అని ముక్తసరిగా అనేసి తరువాతి మనిషిని పిలిచేది.

అక్కా అనకూడదని రూలు, మేడమ్ అనాలి. అయినా నడుముకు వేలాడే తాళాలగుత్తి వల్ల తాళాలక్క అయింది. రిటైరై గుత్తి అప్పజెప్పేసినా నడకలో నడుం కుడిపక్కకు ఒరిగే ఉంటుంది. ‘బరువు అక్కడ దింపేసి, వంకర మాత్రం ఇంటికి తెచ్చుకున్నావే’ అని భర్త ఏడిపిస్తాడు. ఆయన ప్యాంట్లు కుట్టే టైలరు, మనుషుల వంకరలు టేపు పెట్టి కొలవడంలోనే జుట్టు నెరిసింది. తాళాలక్క అన్న పేరు ఆయనకు ఎంత నచ్చిందంటే ఇంట్లోనూ అలాగే పిలిచేవాడు, ఆయన నోటి నుంచే అది అపార్ట్‌మెంటంతా పాకింది. పై వాటాల్లో ఒకావిడ ‘తాళాలక్కా, పేరుకు తగ్గట్టు కీచైన్లు చెయ్యరాదూ, ఇట్టే పోతాయి’ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తాళానికి సంబంధించింది ఏదీ తన చేత్తో చెయ్యనని తెగేసి చెప్పింది. దిద్దులే చేస్తుంది. చిన్నవి, పెద్దవి, గులకరాళ్లలాంటివి, గింజల్లాంటివి, అన్నీ దిద్దులే. ఎందుకో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అడిగితే చెప్పేది. లోపలికి వచ్చినరోజే చెవులకున్నవి తీయించి, కవరులో వేసి, చీటీ అంటిస్తారు. ఏళ్లు గడిస్తే చెవి రంధ్రం పూడుకుపోతుంది. పూడకుండా ఉండాలని ఆడవాళ్లు చీపురులోంచి చిన్న పుల్ల విరిచి చెవిలో పెట్టుకునేవారు. బ్యారక్ గోడ వెంట వరసగా కూర్చున్నవాళ్ల చెవులన్నిటిలోనూ పుల్లలే. ఉత్తరం రాసే దిక్కు లేనివాళ్లూ, ములాఖత్‌కు ఒక్క మనిషి రానివాళ్లూ పొద్దున లేస్తూనే పుల్ల ఉందా లేదా అని చెవి తడుముకునేవారు. ఇంకేదీ సిద్ధంగా లేకపోయినా చెవి సిద్ధంగా ఉండాలి, అంతే. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన తనిఖీలో అవి చూసి మొహం చిట్లించాడు. ‘ఏంటివి? తీయించెయ్యి. ఎవరి కంట్లోనైనా పొడిస్తే ఎవరిది బాధ్యత?’ ‘అయితే చీపుళ్లు కూడా పట్టుకుపోండి సార్. ఊడవడానికి మీ మనుషుల్ని పంపండి’ అంది తను. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, వెనక ఎవరో ఆడమనిషి నవ్వబోయి దగ్గులోకి దింపుకుంది. ఆ మాటకు ఫలితంగా ఎండాకాలమంతా గోడ చివర, నీడ లేనిచోట కాపలా వేశారు. మెడ మీద చర్మం పొరలుగా లేచిపోయింది. లేవనీ. పుల్లలు మాత్రం తీయించలేదు. ఆ ఆఫీసరే బదిలీ అయి పోయాడు, పుల్లలు ఉన్నచోటే ఉన్నాయి.

వెనక కుట్టుమిషను ఆగింది. ఆయన ఆగితే ఏదో అడగబోతున్నట్టు లెక్క, పెళ్లయిన నాటి నుంచీ అంతే, మాట్లాడటానికి కాలు ఆపాలి. “పోనీ అలా రాసి పెట్టేసుకుంటే ఏం పోయిందే? డబ్బు ఎటు పోవాలో అటే పోతుందిగా.” తాళాలక్క తల తిప్పలేదు. “మీరు రేపు ఎవరికైనా లుంగీగుడ్డతో ప్యాంటు కుట్టి, ఇది ఉన్ని గుడ్డ అని ఇవ్వండి. ఏం పోయింది, కాళ్లు ఎలాగూ కప్పుతుందిగా.” ఆయన “ఆ పోలిక కుదర్లేదు” అన్నాడు. “కుదరకపోతే విప్పి మళ్లీ కుట్టుకోండి” అంది ఆమె. మిషను మళ్లీ కదిలింది. ఈ మనిషిని విసుక్కోవడం సులువు, తప్పు పట్టడం కష్టం. మోకాలి ఆపరేషనయి మంచానికి అతుక్కుపోయినప్పుడు ఫోనులో ఎవరో బుగ్గల మనిషి అర్థంకాని భాషలో గలగలా వాగుతూ క్లే పిసకడం చూసి, మాటలు వదిలేసి చేతులు మాత్రం నేర్చుకున్నది తను. కానీ మొదటి బిళ్లలు కొనితెచ్చింది ఆయనే. ఓవెన్ కూడా ఆయనదే, కేకుల పిచ్చి పట్టి మోజుగా కొనుక్కున్నాడు. ‘నా కేకు ప్లాస్టిక్ కంపు కొడుతోందే’ అని కొన్నాళ్లు పోట్లాడి, ఓడిపోయి, ఓవెన్ను ఆమెకే వదిలేసి మళ్లీ మిషనెక్కాడు. జీన్సు ప్యాంట్లు పొట్టి చేయగా మిగిలిన ముక్కలన్నీ మెరుగు పెట్టుకోమని డబ్బాలో దాచి ఇస్తాడు. మంచివాడే. గొడవంటే మాత్రం భయం, లిఫ్టులో ఎవరైనా గట్టిగా తుమ్మినా క్షమించమంటాడు.

గొడవ వద్దని పళ్ల డాక్టరమ్మ కూడా అంది, ఎంత తియ్యగా అందో. ఆమె అసోసియేషన్ సెక్రటరీ. తాళాలక్క దవడపన్ను పైసా పుచ్చుకోకుండా పీకిన మనిషి, నోట్లో చెయ్యి పెట్టినా నొప్పి తెలియనివ్వదు. ‘ఆంటీ, మంచి పనే చేస్తున్నారు, పేరు ఏదైతే ఏముంది? ఎవరు చూడొచ్చారు? మీ బల్ల ద్వారం పక్కనే వేయిస్తాను, వచ్చినవాళ్లందరి కళ్లూ ముందు దానిమీదే పడతాయి. ఈ బోర్డు పెట్టుకోండి చాలు. లేదంటే నేను బల్ల ఇవ్వలేను, ఏమీ అనుకోకండి.’ తరువాత గొంతు తగ్గించి, ‘లెక్కల మాస్టారు కూడా వస్తారు కదా, ఆయన బాధపడతారు’ అంది. కత్తిలాంటి మాట అది. మిగతావన్నీ చేత్తో తోసేయవచ్చు, ఆ ఒక్కటీ తోయడానికి లేదు. తాళాలక్క దిద్దును నీళ్లలోంచి తీసి, గుడ్డతో ఒత్తి, ఎండకు పట్టింది. తడి మీద నిగనిగలాడింది కాస్తా ఆరేసరికి మొహం పాలిపోయి, అడ్డదిడ్డంగా గీతలన్నీ బయటపడ్డాయి. తొందరపడింది, గరుకు కాగితం పని పూర్తి కాకుండానే సన్నంలోకి దిగిపోయింది. దీనికి దగ్గరదారి లేదు, వెనక్కి వెళ్లాల్సిందే. మళ్లీ గరుకు ముక్క అందుకుంది.

పిండిమర వెనక గది అసలు ఎలా మొదలైందంటే, గొణుగుడు వల్ల. ఆమె అసలు పేరు కాగితాల్లో ఉంది, బ్యారక్‌లో మాత్రం గొణుగుడే, నిద్రలో కూడా ఎవరినో సాధిస్తూ ఉండేది. తను రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డప్పుడు ఆమె విడుదలైంది. మధ్యాహ్నం పెద్దతలుపు తీసి బయటికి పంపింది తనే. డ్యూటీ దిగి స్కూటర్ తీసుకుని వస్తుంటే గొణుగుడు అక్కడే ఉంది, గోడకు ఆనుకుని, చేతిలో ప్లాస్టిక్ సంచి, రోడ్డుకు ఈ పక్క. ఎటు పోవాలి అని అడిగితే ‘మీరెటు పోతే అటు’ అంది, బస్సులో టికెట్టు అడిగినంత మామూలుగా. స్కూటరెక్కించుకుని ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక రెండు వీధులు ఊరికే తిప్పింది. చివరికి పిండిమరాయన, ఆయన మాటకారి కాదు, వెనక బస్తాలు పెట్టుకునే గది ఖాళీ చేసి ఇచ్చాడు. గోడల మీద, కిటికీ ఊచల మీద, చివరికి బల్బు మీద కూడా తెల్లటి పిండి. గొణుగుడు ఇప్పుడు ఆ మరలోనే పని చేస్తుంది, కనుబొమలు తెల్లగా, వయసు ఒక్కసారి పైబడినట్టు. కృతజ్ఞత అన్నది మచ్చుకైనా లేదు. కుళాయి కారుతోందనీ, తలుపు గడియ బిగుసుకుందనీ, రెండో మంచం ఎప్పుడు తెస్తారనీ వెళ్లినప్పుడల్లా సణుగుడే. తాళాలక్కకు ఆ సణుగుడంటే ప్రాణం. చేతులు జోడించి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్ల ముందు ఆమెకు ఒళ్లు బిగుసుకుపోతుంది, కుళాయి బాగుచేయించమని దబాయించేవాళ్లు ఆ గది తమదే అనుకుంటున్నట్టు లెక్క. వచ్చే వారం ఇంకో ఆమె విడుదల. ఆమెకూ ఎవరూ లేరు. రెండో మంచం ఈ అమ్మకంలోంచే రావాలి.

మంచం. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. లెక్కల మాస్టారు అడిగింది కూడా మంచం గురించే. లిఫ్టు పాడైన రోజు అది. తను క్లే డబ్బాల సంచితో మోకాలు పట్టుకుని మెట్లెక్కుతోంది, ఆయన దిగుతున్నారు, తమ పై వాటాలోనే ఉంటారు. పక్కకు ఒదిగి దారి ఇచ్చి, ఆమె దాటబోతుండగా నెమ్మదిగా అడిగారు. ‘మీరు ఏదో గది నడుపుతున్నారని విన్నాను. ఆవిడ బయటికొస్తే ఆవిడకు కూడా మంచం వేస్తారా?’ ఆవిడ అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు. మాస్టారు పరీక్షల పనిమీద ఊళ్లో లేనప్పుడు, మంచాన పడ్డ వాళ్లమ్మను చూసుకోవడానికి పెట్టిన ఆయా. ముసలమ్మ మెడలో గొలుసు తీసుకుని, బయట తాళం వేసుకుని పోయింది. ముసలమ్మ మంచం మీంచి పడి, నీళ్ల చెంబు అందక, మాస్టారు వచ్చి తాళం పగలగొట్టేదాకా నేలమీదే ఉంది. ఆస్పత్రిలో కొన్నాళ్లుండి పోయింది. ఆ తలుపు పగిలిన చప్పుడు తాళాలక్క ఇంట్లోకి కూడా వినిపించింది, ఆ తరువాత వినిపించిన కేక ఇప్పటికీ వంటింట్లో గిన్నె జారితే గుర్తొస్తుంది. మందలు మందలుగా అరిచే జనానికి జవాబు చెప్పిన నోరు మెట్ల మీద పెగల్లేదు. మాస్టారు జవాబు కోసం ఆగలేదు, కర్ర తాటించుకుంటూ దిగిపోయారు.

ఆ ఆయా తన దగ్గరికే వచ్చింది, ఉద్యోగం చివరి ఏడాదిలో. ఆమె వేళ్లు కూడా తనే పట్టుకుని తిప్పింది. పొట్టి వేళ్లు, గోళ్లు చక్కగా కత్తిరించుకున్న వేళ్లు, రోగుల దగ్గర పనిచేసేవాళ్లకు ఉండేలాంటివి. ఈ వేళ్లేనా తాళం తిప్పినవి అనుకుంది, అసహ్యం వేసింది, అయినా అందరికీ అన్నట్టే ‘వదులుగా పెట్టు’ అంది. అలవాటున్న మనిషి కదా అని తరువాత ఆమెను లోపలి రోగుల గదిలో వేశారు. రెండో రోజే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ‘నన్ను ముసలోళ్ల దగ్గర పెట్టకండి మేడమ్. ఇంకేదైనా చేస్తా. కాలవలు కడుగుతా’ అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. కాలవలే కడిగింది. అది పశ్చాత్తాపమా? భయమా? ముసలి ఒంటి మీద చిరాకా? తాళాలక్క ఎన్నోసార్లు ఆలోచించింది, తేలలేదు. ఈ సంగతి మాస్టారుకు చెబితే ఆయన మనసు కొంచెం మెత్తబడుతుందేమో. ‘చూడండి, ఎంత కుమిలిపోతోందో’ అని ఒక మాట కలిపితే ఇంకొంచెం. వద్దు. తనకే తెలియనిదానికి మెరుగు పెట్టి ఆయన చేతికివ్వడం, అదీ తల్లిని అలా పోగొట్టుకున్న మనిషి చేతికి, ఎలా?

మరి మంచం వేస్తుందా, వేయదా? ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల గురించైతే ఇట్టే చెప్పేయవచ్చు, గుండె మీద చెయ్యి వేసుకుని. వీళ్లు వేరు. పైన ఆ ఖాళీ గది ఉంది, ఆ కర్ర చప్పుడు ఉంది. ఆ ఆయా అంటే తనకు జాలి లేదు, ఇవాళ్టికీ లేదు. జాలి ఉన్నవాళ్లకే మంచం అని రాసిపెడితే అది గది కాదు, బహుమతి. శిక్ష వేసేవాళ్లు వేశారు, తను తలుపు వేసింది, పూర్తయ్యాక తను కాకపోతే ఇంకొకరు తలుపు తీస్తారు, అప్పుడు ఆ పొట్టి వేళ్ల మనిషి గోడకు ఆనుకుని ప్లాస్టిక్ సంచితో నిలబడుతుంది. నిలబడనీ అనాలా? ఎండలో, రోడ్డుకు ఈ పక్క? ముసలమ్మ నీళ్లకోసం అల్లాడింది కదా, దీన్నీ అల్లాడనీ అనాలా? అనలేదు. అనాలనుకుని కూడా చూసింది, లోపలి నుంచి రాలేదు. వేస్తుంది. మంచం వేస్తుంది, దుప్పటి ఇస్తుంది, మొహం చూసి మాట్లాడుతుందో లేదో అప్పుడు చూసుకోవచ్చు.

అలా అనుకోగానే ఇంకో సంగతి తోచి తాళాలక్క పీట మీద నిటారుగా అయింది. మాస్టారు ఏటా ఈ అమ్మకంలో ఏదో ఒకటి కొంటారు. పిల్లల పేరు చెబితే బేరమాడకుండా కొంటారు, అందరికీ తెలుసు. ఇవాళా వస్తారు, ఆ నీలం అక్షరాలు చూస్తారు, కళ్లజోడు సర్దుకుని ఒక జత ఎంచుకుని డబ్బిస్తారు. ఆ డబ్బుతో మంచం వస్తుంది. ఏదో ఒక రోజు ఆ మంచం మీద ఆ ఆయా పడుకుంటుంది. తన తల్లిని నేలమీద వదిలేసిన మనిషికి ఆయన చేతే, ఆయనకు తెలియకుండా, పడక వేయించడం! ఇదా ఆయన్ను బాధపెట్టకుండా కాపాడటం? తియ్యటి మాటల డాక్టరమ్మకు ఇది తట్టలేదు, తట్టకపోవడం ఆమె తప్పు కాదు. తనకు మాత్రం తట్టింది, తట్టాక ఇక ఆ బోర్డు కింద కూర్చోవడం అంటే ఆయన జేబులో చెయ్యి పెట్టడమే. దొంగతనం కింద లోపలికి వచ్చినవాళ్లను ఎంతమందిని చూసింది! ఎవరూ ఇంత నీచంగా చేయలేదు.

“ఏవండీ, ఆ బోర్డు తిప్పండి. వెనక తెల్లగా ఉందా?” తెల్లగానే ఉందన్నాడు ఆయన, అనుమానంగా. “లావు కలం తెచ్చి రాయండి. జైలు నుంచి విడుదలైన ఆడవాళ్ల గది కోసం.” ఆయన మిషను ముందునుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. కలం మూత తీసిన చప్పుడైంది. “జైలు అన్న ముక్క కొంచెం చిన్నగా రాయనా?” “అన్నీ ఒకే కొలత.” “బల్ల ఇవ్వరే.” “నేలమీద పరుచుకుంటా.” “హాల్లోకి రానివ్వకపోతే?” “గేటు బయట రోడ్డు వాళ్లది కాదుగా.” ఆయన నిట్టూర్చి, అక్షరాలు వంకర పోకుండా ముందు సుద్దతో గీత గీసుకుని, బట్ట కత్తిరించబోయేముందు గీసుకున్నంత శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాడు. తాళాలక్క ఆకుపచ్చ దిద్దును ఆరబెట్టి చూసింది. గీతలు లేవు. జీన్సు ముక్క మోకాలి మీద పరిచి, దిద్దును వేలికొసతో అదిమి, గబగబా, అటూ ఇటూ, గుడ్డ వేడెక్కేదాకా రుద్దింది. బయట కింద ఎక్కడో బల్లలు లాగుతున్నారు. దిద్దులో ముందు ఏమీ కనిపించలేదు, తరువాత మసగ్గా వెలుతురు, తరువాత బాల్కనీ ఊచలు, బట్టల తీగ, ఆపైన తన మొహం, ముక్కు పెద్దదిగా. బాగుంది. జాలిపడి కొనేవాళ్ల కోసం కాదు, కళ్లున్నవాళ్ల కోసం చేసింది ఇది.

గంట మోగింది. డాక్టరమ్మే అనుకుని జవాబు నాలుక చివర పెట్టుకుని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. భర్త తలుపు తీసి, కలం చేతిలోనే ఉండగా ఒక అడుగు వెనక్కి వేశాడు. గుమ్మంలో లెక్కల మాస్టారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర. “కింద రద్దీ అయిపోతుందని ముందే వచ్చాను. మా మనవరాలికి ఒక జత తీసిపెట్టమని అడుగుదామని. పిల్లలకోసమట కదా, డాక్టరమ్మ చెప్పింది.” చెబుతూనే ఆయన కళ్లు బోర్డు మీద పడ్డాయి. సిరా ఇంకా తడి. ఆయన పెదవులు కదలకుండా చదివారు, చివరిదాకా చదివారు. భర్త బోర్డుకు అడ్డం జరగబోయాడు. తాళాలక్క ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“పిల్లలకోసం కాదు మాస్టారూ.”

“చదివాను.”

“ఆ రోజు మెట్ల మీద మీరొక మాట అడిగారు. అప్పుడు చెప్పలేకపోయాను.” భర్త మోచెయ్యి వదిలింది. “వేస్తాను. ఆమె బయటికొచ్చిన రోజు తీసుకుపోవడానికి ఎవరూ రాకపోతే, నేనే వెళ్లి తీసుకొస్తా. మంచం వేస్తా.”

మాస్టారు కర్ర మీద రెండు చేతులూ వేసి, నేలకేసి చూశారు. ఆయన తిడితే బాగుండునని తాళాలక్కకు అనిపించింది. తిట్లు ఆమెకు అలవాటే, వీపు మీంచి వానలా జారిపోతాయి. ఆయన తిట్టలేదు. “మీరు ఆవిడ్ని అక్కడ చూశారు కదా” అన్నారు. “ఎప్పుడైనా మా అమ్మ మాట ఎత్తిందా?” గుమ్మం దగ్గర నిలబడి కాలవలు కడుగుతానన్న మనిషి కళ్లముందు మెదిలింది. ఎత్తింది అంటే చాలు. ఏడ్చింది అంటే ఇంకా మంచిది. ఆ మొహంలో ఏదో ఒకటి సడలుతుంది, బహుశా ఆయన ఇవాళ రాత్రి నిద్రపోతారు కూడా. భర్త తనవైపే చూస్తున్నాడు, అనెయ్యవే అన్నట్టు.

“నా దగ్గర ఎత్తలేదు” అంది తాళాలక్క.

మాస్టారు తల ఊపారు. ఆ జవాబు ఆయనకు ముందే తెలిసినట్టు, అయినా వినడానికి వచ్చినట్టు. “సరే. అయితే నేను కూడా కిందికి వస్తాను. మీ బల్ల ఎదురుగా కూర్చుంటాను. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మా అమ్మ ఎలా పోయిందో చెప్తాను. చెప్పి, కొనకండి అంటాను.” ఆయన గొంతులో కోపం లేదు, తరగతిలో లెక్క అప్పజెప్పినంత స్పష్టంగా అన్నారు.

“చెప్పండి. మీ అమ్మగారి సంగతి మీరు కాకపోతే ఎవరు చెప్తారు?” అంది ఆమె. “నేను మాత్రం బల్ల తియ్యను.”

“తియ్యమని నేను అనలేదు.” ఆయన వెనుదిరిగారు. మెట్ల మీద కర్ర చప్పుడు కిందికి, ఒక్కో మెట్టూ తడుముకుంటూ. తాళాలక్క దిద్దులన్నీ పళ్లెంలో పేర్చింది, ఆకుపచ్చవి ముందు వరసలో. ఇవాళ ఒక్క జత కూడా పోకపోవచ్చు. పోకపోతే వచ్చే వారం వచ్చే ఆమెకు తన మంచం మీద పరుపు తీసి వేస్తుంది, తను చాప మీద పడుకుంటుంది, మోకాలు ఏడిస్తే ఏడవనీ. భర్త అడక్కుండానే బోర్డు చంకన పెట్టుకున్నాడు. సిరా ఆయన చొక్కాకు అంటుకుంటోంది.

హాల్లో బల్లల మీద తెల్లగుడ్డలు పరిచేశారు. ద్వారం పక్క బల్ల ముందు భర్త బోర్డు నిలబెట్టగానే అందరూ అటు తిరిగారు. కొవ్వొత్తులు సర్దుతున్నావిడ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పళ్ల డాక్టరమ్మ గబగబా వచ్చింది, చిరునవ్వు సగం దారిలో జారిపోయింది. “ఏంటాంటీ ఇది, పొద్దున అంత చెప్పానుగా! మాస్టారు దీనికి ఒప్పుకోరు.”

“ఒప్పుకోలేదు” అంది తాళాలక్క, పళ్లెం బల్ల మీద దించుతూ. “అందుకే ఇదిగో ఇక్కడ, నాకెదురుగా, ఆయనకో కుర్చీ వేయించు. చేతులున్నది చూసి వేయించమ్మా, ఆయనకు నడుంనొప్పి, అమ్మకం అయ్యేదాకా కూర్చోవాలి.”